‘వద్దు’ అనడానికీ సాధన కావాలి

గేములు తయారుచేసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, మనస్తత్వశాస్త్రం చదివేవాళ్లు, ఈ పిలుపు మీకే.

డీఅడిక్షన్ సెంటర్‌లో ఉన్నన్నాళ్లూ మత్తు జోలికి పోని కుర్రాడు, ఇంటికొచ్చాక పాత సందు మొగలో ఎందుకు ఓడిపోతున్నాడు? పట్టుదల లేదని ఊరంతా అతన్నే తిడుతుంది. కానీ మత్తు అలవాటు మనిషి మసలిన చోట్లతో కూడా ముడిపడి ఉంటుంది. అదే గది, అదే నేస్తాలు, అదే వాసన ఎదురైతే చాలు, అణిగి ఉన్న యావ మళ్లీ లేస్తుంది. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడి 1971లో ఇంటికి చేరిన అమెరికా సైనికుల గురించి లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఆరా తీశారు. వాళ్లలో అత్యధికులు మళ్లీ ఆ ఊబిలో దిగలేదు. కారణాలు ఎన్నున్నా, చోటు మారడం వాటిలో ఒకటి.

మన కుర్రాడికి ఆ వీలు లేదు. తన వీధికే తిరిగిరావాలి. ఒడ్డున కూర్చుంటే ఈత రాదు కదా! అందుకే ఆ వీధినే చికిత్స గదిలోకి తేవాలి.

అమెరికాలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రిక్ బోర్డ్‌నిక్ బృందం ఆ పనే చేసింది. హెరాయిన్ వాడుతూ జనం గుమిగూడిన ఇంటిని వర్చువల్ రియాలిటీలో కట్టింది. అందులో అడుగుపెట్టిన మనిషికి యావ నిజంగానే రేగుతుంది. పక్కనే ఉన్న చికిత్సకుడు దాన్ని దాటే మార్గాలు అక్కడికక్కడే సాధన చేయిస్తాడు. లొంగకుండా నిలబడితే యావ దానంతటదే తగ్గుతుందని ఆ మనిషికి అనుభవంలో తెలిసివస్తుంది.

హ్యూస్టన్ ఇల్లు మన పిల్లలకు చాలదు. హాస్టల్ మేడ మీది చీకటి, కాలేజీ వెనక టీ బంకు, ‘ఒక్కసారికి ఏం కాదురా’ అనే నేస్తం గొంతు – మనవాళ్లను లాగేవి ఇవీ. వీటిని ఎరిగినవాళ్లు మీరే, కట్టగలిగినవాళ్లూ మీరే. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు దీన్నే ఎంచుకోండి!

ఒంటరిగా మాత్రం దిగకండి. యావను రేపి, అది తగ్గకముందే మనిషిని బయటికి పంపడం ప్రమాదం. సైకియాట్రిస్టునీ, కౌన్సెలర్‌నూ, కోలుకున్నవాళ్లనూ మొదటి రోజు నుంచే కలుపుకోండి. ఈ సాధన మందులకూ కౌన్సెలింగ్‌కూ తోడు మాత్రమే. దీని మేలు ఎంతకాలం నిలుస్తుందో ఇంకా తేలాలి. ఆ తేల్చే పనికీ మీరే పూనుకోండి. నిజాయితీగా కొలవండి, ఫలించకపోతే దాచకుండా చెప్పండి.

ఈలోగా మీ పక్క గదిలో మత్తుతో పెనుగులాడే నేస్తం ఉంటే, అతన్ని వెలివేయకండి. జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 14446కు ఈరోజే ఫోన్ చేయించండి, డాక్టరు దగ్గరికి వెంట వెళ్లండి. కోట్లమందిని తెరకు కట్టిపడేసే నేర్పు మీ తరానికి ఉంది. ఆ నేర్పుతోనే మనిషిని మత్తు కట్లలోంచి విడిపించండి!