ఏరు దాటినవానికి తెప్ప

ఇల్లు మంత్రివర్గాలను సైతం కదిలించగలదనడానికి రాయ్‌పూర్ రాజకీయమే నిదర్శనం. పేదల ఇళ్లకు నిధులివ్వలేదన్న ఆవేదనతో 2022 జూలైలో టి.ఎస్. సింగ్‌దేవ్ పంచాయతీ శాఖను వదలుకొన్నారు. 2023 డిసెంబరులో విష్ణుదేవ్ సాయ్ మంత్రివర్గం తొలి సమావేశంలోనే 18 లక్షల ఆవాస్ ఇళ్లకు ఆమోదముద్ర వేసింది.

అదంతా గ్రామసీమల ముచ్చట. రాయ్‌పూర్ నగరంలో ఇల్లు కొనదలచిన చిరుద్యోగి గతి ఏమిటి? 2024లో కేంద్రం ఆమోదించిన రెండవ విడత పట్టణ ఆవాస్ పథకం గృహరుణంపై గరిష్ఠంగా 1.80 లక్షల రూపాయల వడ్డీ రాయితీ ఇస్తుంది. అదీ ఐదు వార్షిక వాయిదాలలో, రుణఖాతాకే. రిజర్వు బ్యాంకు నిబంధన ననుసరించి చిన్న రుణాలకైనా ఇంటి విలువలో 90 శాతానికి మించి బ్యాంకులు ఇవ్వరాదు. కనుక 20 లక్షల ఇంటికి రెండు లక్షలు, ఆపైన రిజిస్ట్రేషను ఖర్చులు ముందే చేతిలో ఉండాలి. అవి లేనివానికి రుణం లేదు. రుణం లేనివానికి రాయితీ లేదు.

ముందుగా సొమ్మిస్తే ధరలు పెరుగుతాయని, దుర్వినియోగమవుతుందని అధికారులు శంకించవచ్చు. అది నిరాధారమని నేననను. అయితే రాయితీలో సగాన్ని రిజిస్ట్రేషను నాడే విక్రేతకు చెల్లించి, ఇంటిపై తాకట్టు హక్కు ఉంచుకొంటే ఆ భయం చాలావరకు తీరుతుంది. కొత్త ధనం అక్కరలేదు. ఇచ్చేదానినే వేళకు ఇస్తే చాలు. ఏరు దాటినవానికి తెప్ప అందించి ప్రయోజనమేమి?