అరువు చీరలతో ఫ్యాషన్ షో

ఫ్యాషన్ షో అనగానే మనలో చాలామందికి అదేదో బొంబాయి వ్యవహారమనిపిస్తుంది. ఇప్పుడు మన కాలేజీల్లోనూ, కాలనీ మహిళా సంఘాల్లోనూ కూడా జరుగుతున్నాయి. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కదూ, దాని గుర్తుగా 2015 నుంచీ ఆ రోజున జాతీయ చేనేత దినం జరుపుతున్నారు. ఆ సందర్భంలో మా సంఘం వారు చేనేత చీరల ప్రదర్శన పెట్టి, ఎంపిక పని నాకు అప్పగించారు. ఇల్లాంటి పని మీకూ తటస్థపడవచ్చు గనక చెబుతున్నాను.

చీరలు మావి కావు. ఆరు ఊళ్ళ నేతవారు నమ్మకం మీద పంపినవి. మొత్తం ముప్ఫై రెండు. ఒక్క మరక పడితే ఆ చీర ఇహ కొత్తచీరగా అమ్ముడు పోదు, వారాల కష్టం మట్టిపాలే. అంచేత, మరక పడ్డ చీరను సంఘమే కొనాలని ముందే కాగితం మీద రాయించి, అందరిచేతా సంతకాలు పెట్టించాను. కొందరు మొహం ముడుచుకున్నారు. ముడుచుకోనివ్వండి!

వేదిక మీద నడవడానికి అమ్మాయిలు ఆరుగురే. మనిషికి రెండు చొప్పున పన్నెండు చీరలు. ఇహ ఏవి వుంచాలి, ఏవి తీసెయ్యాలి? సెక్రటరీగారు ధర్మవరం పట్టుచీరలన్నీ ఒక పక్కకి తీసి, “జరీ లేకపోతే వేదిక వెలవెలబోతుందండీ” అన్నారు. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. కాని చప్పట్లు కొట్టించే చీర వేరు, ఇంటికి తీసుకుపోయే చీర వేరు. వచ్చేవాళ్ళలో సగంమంది బడుల్లోనూ ఆఫీసుల్లోనూ పని చేసేవాళ్ళాయె. చివరికి ధర్మవరాలు రెండే వుంచాం.

చీరలన్నీ ఒక్కొక్కటే గోడకు వేలాడదీయించి, హాలు చివరికి పోయి చూశాను. ఇది తప్పకుండా చెయ్యవలసిన పని. పోచంపల్లి ఎంత దూరం నుంచైనా పలుకుతుంది. నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు లద్దుతారు గనక బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్లుంటాయి. దూరానికి ఆ చెదురే అందం. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగుతో పోగు మెలివేసి కలుపుతారు. ఆ కలయిక ఎవరికీ కనపడదు గాని, అంచు మాత్రం జ్వలిస్తుంది. వెంకటగిరి నూలుచీర సంగతే దిగులు పుట్టించింది. సన్నని నూరో నంబరు నూలు, చేత్తో పట్టుకుంటే పొగమంచులా వుంటుంది. తెల్లగోడ ముందు మాత్రం చీరే లేనట్లుంది! సెక్రటరీగారు తీసెయ్యమన్నారు. నేను గోడకు ముదురు మెరూన్ తెర కట్టించాను. అప్పటిక్కాస్త ప్రాణం వచ్చింది.

అరువు చీరకు ఫాల్ కుట్టకూడదు, గంజి పోవడానికి ఉతకనూ కూడదు. అల్లాగే కడితే గొడుగులా నిలబడుతుంది. అందుకని ముందు రోజు రాత్రే కుచ్చిళ్ళు మడతపెట్టి, పాత దుప్పటి చుట్టి, పైన పరుపు వేశాం. పమిట దగ్గర పిన్నీసు గుచ్చేచోట లోపల చిన్న గుడ్డముక్క వుంచితే నూలు చిరగదు. జరీ మీద సెంటు పడకూడదు. నల్లబడుతుంది. దండెం మీద చీరలు వరసక్రమంలో వేసి, ఒక్కో దానికి సంచీ తగిలించాం. అందులో రవికె, లోలంగా, నగలు, కట్టుకునేవాళ్ళ పేరు రాసిన చీటీ.

లెక్క కూడా చూసుకోవాలి. చీర మార్చడానికి ఎనిమిది నిమిషాలు. ఒక్కొక్కరి నడక నిమిషం. మొదటి అమ్మాయి మళ్ళీ వచ్చేలోగా మిగతా అయిదుగురి నడకా అయిపోతుంది, వేదిక బోసిపోతుంది. ఆ సందులో పాట పెడదామన్నారు. నేను వెంకటగిరి నుంచి వచ్చిన నేతాయన్ని మాట్లాడమన్నాను. ఆయన మాట్లాడింది తక్కువే. మిగిలిన చీరల్లోంచి ఒకటి తీసి, కొంగు దీపానికి అడ్డంగా పట్టి, తరవాత ముందు వరస చేతికిచ్చాడు. అది వరస వరసా చేతులు మారి వెనక్కి పోయింది. ఒకావిడ పమిటతో చెయ్యి తుడుచుకుని మరీ పట్టుకుంది.

నడిచినవాళ్ళందరిలోకీ ఎక్కువ చప్పట్లు, చివర్లో నారాయణపేట గళ్ళచీరతో వచ్చిన మా వీధి పిన్నిగారికే. అరవై దాటినావిడ. గుడికి వెళ్ళినట్లే నడిచింది.

ఆ సాయంత్రం వెంకటగిరికి తొమ్మిది ఆర్డర్లు వచ్చాయి. ధర్మవరానికి రెండు. ఒక గద్వాల చీర కొంగుకు కాటుక మరక పడింది. సంఘమే కొన్నది. సెక్రటరీగారు తన వంతుగా సగం డబ్బిచ్చి, దాన్ని ఇంటికి తీసుకుపోయారు.