కిరణాలు సరే, ఉద్దానం సంగతేంటి?

అక్టోబరు మొదటివారం వచ్చిందంటే హాస్టల్లో కొంతమంది తెల్లారకముందే లేచి అరసవల్లి బయల్దేరతారు. ఉదయకిరణాలు స్వామి పాదాల్ని తాకడం చూడ్డానికి. మబ్బు పడితే ఉసూరుమంటూ వెనక్కి. ఈసారి కనబడ్డాయి. ఆ రాత్రి రూంలో పెద్ద రగడ.

"ఎవరో లెక్క వెయ్యకపోతే ఇంత కచ్చితంగా ఎలా కుదిరిందిరా?" అన్నాడొకడు. లెక్క నిజమే, వేసింది స్థపతి. మార్చి విషువత్తుకి పదీ పదకొండు రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకి అన్నే రోజుల తర్వాత, సూర్యుడు తూర్పుకి కాస్త దక్షిణంగా ఒకేచోట ఉదయిస్తాడు. వాకిలి అటు పెడితే ఏడాదికి రెండుసార్లు వెలుగు లోపలికి రావాల్సిందే. గొప్ప పనే, కానీ మనుషుల పని. అలాగని భూమి వాలు 23.5 డిగ్రీలని చెప్పేసి "దేవుడు లేడు, అయిపోయింది" అన్న రెండోవాడూ తొందరపడ్డాడు. ఆ వాలు ఎందుకుందని మొదటివాడు మళ్లీ అడుగుతాడుగా!

నిజానికి ఇది పాత తగువే. కుండకి కుమ్మరి ఉన్నట్టు జగత్తుకీ కర్త ఉండాలని న్యాయకుసుమాంజలిలో ఉదయనుడు వాదించాడు. మన వంశధార ఒడ్డున శాలిహుండంలో స్తూపాలు కట్టుకున్న బౌద్ధులు సృష్టికర్తని ఒప్పుకోరు. వేదమే ప్రమాణమన్న మీమాంసకులు కూడా సృష్టికర్త అక్కర్లేదన్నారు. నాస్తికం ఇంగ్లీషు చదువులతో దిగుమతైందనే మన ఫ్రెండ్స్‌కి ఈ సంగతి చెప్పండి.

నాకు మాత్రం కిరణాల వాదన కంటే మా పెదనాన్న పెద్ద చిక్కు. మాది ఉద్దానం. ఆయన కిడ్నీలు ముందే పాడయ్యాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి కొబ్బరితోట కూడా పోయింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలసిస్. అరసవల్లి స్వామికేమో ఆరోగ్యమిచ్చే దేవుడని పేరు! సర్వశక్తిమంతుడు, దయామయుడు రెండూ అయితే, తన జిల్లాలోనే ఇదేంటి?

పూర్వజన్మ కర్మ అంటారు. అంటే ఒకేరకం పాపం చేసినవాళ్లంతా కూడబలుక్కుని కవిటి, సోంపేట మండలాల్లో పుట్టారా? ఈ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లనీ మట్టినీ పరీక్షించాల్సిన చోట కర్మ అనేస్తే వెతుకులాటే ఆగిపోతుంది. అందుకే ఆ జవాబంటే నాకు కోపం. అంతటి శక్తీ, అంతటి దయా కలిసున్న దేవుడు లేడనే నేను అనుకుంటున్నాను.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఉన్నాడో నేడో నాకేటి తెల్సురా? ఎవులికో ఒకరికి సెప్పుకోవాల గదా" అన్నాడు. అది వాదన కాదు, నాకు తెలుసు. కానీ నా దగ్గరున్న వాదనల్లో ఒక్కటీ ఆయనకి పనికొచ్చేది కాదు.

రథసప్తమికి అరసవల్లి తీసుకెళ్లమన్నాడు. ఆ రోజు డయాలసిస్ పడకపోతే బస్సులో నేనే తీసుకెళ్తాను.