మిరప చేలో పసిబిడ్డ: మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి డాక్టర్ ధనసరి అనసూయ సీతక్క గారికి,

జనవరి వచ్చిందంటే భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల, దుమ్ముగూడెం మండలాల అడవంచు గుంపుల్లో, అంటే ఆదివాసీ ఆవాసాల్లో, తెల్లవారకముందే ఆటోల చప్పుడు మొదలవుతుంది. జనం మిరప కోతకు బయలుదేరతారు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి చేల పక్కనే గుడారాలు వేసుకునేవాళ్లూ ఉంటారు. కోతలు సాగుతుండగానే ఇప్పపువ్వు రాలుతుంది, ఆ వెనకే తునికాకు. ఈ నాలుగైదు నెలల సంపాదనే చాలా ఇళ్లకు ఏడాది ఆధారం. పసిబిడ్డ ఉన్న తల్లి మాత్రం బిడ్డను చేనుకు మోసుకుపోవాలి, లేదా కూలి మానుకోవాలి. రెండూ కుదరకపోతే బడికి పోయే పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది.

గట్టు మీద చెట్టుంటే కొమ్మకు పాతచీర ఉయ్యాల, లేకపోతే నాలుగు కర్రలు పాతి పైన దుప్పటి. బిడ్డ ఏడిస్తే తల్లి పరుగున వస్తుంది గానీ వెంటనే ఎత్తుకోలేదు. పొద్దుటి నుంచి తేజ రకం మిరపకాయలు తెంపిన చేతులు మండుతుంటాయి. తాగడానికి తెచ్చుకున్న నీళ్లతోనే కడుక్కున్నా ఘాటు వదలదు. ఆ వేళ్లు బిడ్డ కంటికి తగిలితే ఇక ఏడుపు ఆగదు. అందుకని చేతులకు కొంగు చుట్టుకుని, మోచేతులతో బిడ్డను ఒడిలోకి లాక్కుని పాలిస్తుంది. కూలి కిలోల లెక్కన. పక్కవాళ్ల సాలు ముందుకు పోతుంది, ఈమె సాలు అక్కడే ఉంటుంది. పాలిచ్చిన ప్రతిసారీ ఆనాటి కూలి తరుగుతుంది.

పట్నంలో పిల్లల ఖర్చంటే డైపర్లు, డబ్బాపాలు, ప్లేస్కూలు ఫీజులు. ఈ గుంపుల్లో అన్నిటికన్నా పెద్ద ఖర్చు తల్లి పోగొట్టుకున్న కూలి, అక్క పోగొట్టుకున్న చదువు. వాటికి రసీదు ఉండదు కాబట్టి ఏ పథకం లెక్కలోకీ రావు. జ్వరమొస్తే ముందు ఆర్ఎంపీ, తగ్గకపోతే భద్రాచలం ఏరియా ఆసుపత్రి. అక్కడ వైద్యం ఉచితమే. ఆటో కిరాయి, తోడొచ్చిన మనిషి తిండి, ఇద్దరి కూలి మాత్రం ఆ ఇంటి మీదే పడతాయి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని ఎవరూ అనరు. గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి 2015లో వచ్చింది. 2017లో కేసీఆర్ కిట్‌తో ఆడబిడ్డ పుడితే 13,000, మగబిడ్డ పుడితే 12,000 రూపాయలు ప్రకటించారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి, 16 గుడ్లు ఇస్తారు. ఇవన్నీ కావలసినవే. కానీ ఆ వయసు బిడ్డకు అంగన్‌వాడీ అంటే ఇంటికి తెచ్చుకునే పొట్లమే. బాలామృతాన్ని రోజుకు నాలుగైదు సార్లు, కొంచెం కొంచెం కలిపి తినిపించే మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి పొద్దుగూకే దాకా చేలో ఉంటుంది.

ఈ అడవి గుంపుల్లో ఉండే గొత్తికోయల సంగతి మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి మీరు డాక్టరేట్ అందుకున్నది వరంగల్, ఖమ్మం జిల్లాల గొత్తికోయల మీద పరిశోధనకే. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మొదలైన సల్వాజుడుం హింసకు ఇళ్లు వదిలి వచ్చిన ఆ కుటుంబాల్లో ఇప్పటికీ ఆధార్ లేనివాళ్లున్నారు. 2025 జులై నుంచి ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. సిగ్నల్ అందని గుంపులో, కార్డు లేని తల్లికి ఆ పొట్లం చేరడం కూడా కష్టమే. ఈ ఒక్క నిబంధన నుంచైనా అడవి గుంపులను మినహాయించమని కేంద్రాన్ని గట్టిగా అడగండి.

కావలసింది శిశు సంరక్షణ కేంద్రం. ఇది కొత్త కోరిక కాదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే కూలీల్లో ఒకరిని వాళ్లను చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. మిరప చేను ప్రైవేటు రైతుది కాబట్టి ఆ నియమం గట్టు దాటి లోపలికి రాలేదు. 40 మంది పిల్లలున్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న చెప్పింది. కేంద్రం పాల్నా పథకం కింద అంగన్‌వాడీల్లోనే శిశు సంరక్షణకు డబ్బు ఇస్తోంది. సరిహద్దు అవతల ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ జిల్లా గనియారీ కేంద్రంగా పనిచేసే జన్ స్వాస్థ్య సహయోగ్ వైద్యులు పల్లెల్లో ఫుల్వారీలు నడిపిస్తున్నారు. మూడేళ్లలోపు పిల్లలను ఊరి ఆడవాళ్లే చూసుకుంటూ వేడి తిండి పెడతారు. తల్లులు పనికి వెళ్తారు, అక్కలు బడికి వెళ్తారు.

ఈ ఖర్చంతా రైతే పెట్టుకోవాలనడం న్యాయం కాదు. మిర్చి ధర పడిపోయిన ఏడాది అతని దగ్గరా ఏమీ మిగలదు. అంగన్‌వాడీ, గ్రామీణ ఉపాధి దస్త్రాలు రెండూ మీ బల్ల మీదే ఉన్నాయి. ఒక శాఖ ఆయాను, గుడ్లను, పప్పన్నాన్ని ఇవ్వగలదు. రెండోది నీడను, నీళ్లను ఇవ్వగలదు. ఏ గుంపు ఏ చేలకు పోతుందో కూలీల మేస్త్రీలకు తెలుసు. కోతకు ముందే వాళ్లను పిలిపించి జాబితా రాయించండి. మొదటి ఏడాదికి చర్ల, దుమ్ముగూడెం మండలాలు చాలు. అక్కడ కుదిరిన పద్ధతిని మరుసటి కోతకు వెంకటాపురం, వాజేడు వైపు తీసుకెళ్లవచ్చు.