కొత్త తేనెపెట్టెకు తొలి మాసపు సంరక్షణ

తేనెటీగల పెంపకంపై ఇచ్చే శిక్షణలలో పెట్టె భాగాలు, ఈగల జాతులు, తేనె తీసే యంత్రం మున్నగు విషయాలు విపులంగా బోధించబడుతున్నాయి. పెట్టె రైతు తోటకు చేరిన తరువాతి ముప్పది రోజుల గురించి మాత్రం ఒకటి రెండు మాటలతో సరిపెట్టడం కద్దు. కొత్తవారి పెట్టెలు ఖాళీ అయ్యే ప్రమాదం ఆ ముప్పది రోజులలోనే అధికం. రాయితీ పోను తన వాటా ధనం చెల్లించిన సన్నకారు రైతు, ఈగలు ఒకసారి లేచిపోతే మరల వాటి జోలికి పోవడం అరుదు. పెట్టె అటకెక్కుతుంది.

కొత్త కుటుంబానికి తొలి అవసరం మేత. మైనం ఈగల దేహం నుండి స్రవించేదే గాని బయటి నుండి తెచ్చేది కాదు. కొద్దిపాటి మైనం తయారీకి అంతకు అనేక రెట్లు తేనె ఖర్చవుతుంది. నిల్వలేని కుటుంబం పట్టు కట్టలేదు; పట్టు లేనిదే రాణి గుడ్లు పెట్టదు. కావున సమభాగాల పంచదార, నీరు కలిపిన పాకం తొలి వారాలలో అందించడం సమంజసం. నీటిని మరిగించి, పొయ్యి నుండి దించిన పిదప పంచదారను కరిగించి, చల్లార్చి ఇవ్వాలి. మాడిన పాకం ఈగలకు విషప్రాయం. చవక అని బెల్లం వాడటం మరింత చేటు. అందలి మలినాలు జీర్ణం కాక ఈగలకు విరేచనాలు కలుగుతాయి. ఎక్కడిదో తెలియని తేనెను మేతగా వాడితే రోగాలను కొనితెచ్చుకున్నట్లే.

పాకాన్ని సాయంకాలం, పెట్టె లోపలనే, కొబ్బరి చిప్పలో నాలుగు పుల్లలు వేసి ఉంచితే చాలును. పుల్లలు లేనిచో ఈగలు మునిగి చస్తాయి. రాత్రికి రాత్రి తాగి ముగించగలిగినంత మాత్రమే ఇవ్వాలి. మన వేసవి వేడిమికి పలుచని పాకం త్వరగా పులుస్తుంది. బయట ఒలికితే పొరుగు పెట్టెల ఈగలు దోపిడికి వస్తాయి, చీమలు బారులు తీరుతాయి. బలహీన కుటుంబపు ద్వారాన్ని కుదించడం, స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు ఉంచడం ఇందుకే.

మేత ఎప్పుడు మానాలి అనే ప్రశ్నకు తేదీలతో సమాధానం చెప్పడం సరికాదు. చేతితో పెట్టెను కొద్దిగా ఎత్తి చూసిన బరువు, పట్టు పైభాగాన నిండిన తేనె అంచు, చుట్టుపక్కల పూత, ఇవే ప్రమాణాలు. ఇక్కడ ఒక భ్రమ ఉన్నది. మొక్కజొన్న చేల నడుమ ఉంచిన పెట్టెలోకి ఈగలు కాళ్ల నిండా పుప్పొడితో వస్తుంటే మేత పుష్కలమని రైతు భావిస్తాడు. మొక్కజొన్న పుప్పొడినే గాని మకరందాన్ని ఇవ్వదు. పుప్పొడి వచ్చే పెట్టెలో సైతం ఈగలు ఆకలితో చావగలవు. పంచదార పెట్టడం కల్తీకి తొలిమెట్టు అనే ఆక్షేపణ కూడా వినవస్తున్నది. తేనె గదిని అమర్చిన తరువాత పాకం ఇస్తే అది నిస్సందేహంగా కల్తీయే. సంతాన గది మాత్రమే ఉన్న కొత్త కుటుంబాన్ని నిలబెట్టడం వేరు, సీసాలోకి పోయే తేనెలో పంచదార కలపడం వేరు.

పరిశీలన విషయంలో కొత్తవారు రెండు అంచులకు పోతారు. ఒకరు కుతూహలంతో దినదినం మూత తీస్తారు. మరొకరు కుడతాయనే భయంతో నెల దాటినా తీయరు. మొదటిది పుట్ట తేనెటీగల విషయంలో ముఖ్యంగా అనర్థం. అలజడి, చీమలు, ఆకలి, ఈ మూడింటిలో ఏది మితిమీరినా ఆ జాతి పెట్టె విడిచి పోతుంది. ఐరోపా జాతి ఇంత సులభంగా లేచిపోదు గాని పిల్లలున్న పట్టును చల్లగాలికి తెరచి ఉంచితే దానికీ నష్టమే. సంతానం పెరగడానికి సుమారు 34-35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం అవసరం. కావున పెట్టె ఉంచిన వారం తరువాత, ఎండ తేలికగా ఉన్న ఉదయాన, పక్కనో వెనుకనో నిలిచి పది నిమిషాలలో ముగించేలా తొలి పరిశీలన జరపడం మేలు. తక్కిన దినాలలో ద్వారం వద్ద రాకపోకలు చూస్తే సరి.

రాణిని కంటితో చూచితీరాలనే పట్టుదల అనవసరం. అర అడుగున ఒక్కొక్క గుడ్డు నిలువుగా కనిపిస్తే రాణి మూడు దినాల లోపల అక్కడ ఉన్నట్లే. గుడ్డు పొదిగే కాలం అంతే గనుక. ఒకే అరలో పలు గుడ్లు గోడలకంటి కనిపిస్తే రాణి లేక కూలి ఈగలు గుడ్లు పెడుతున్నాయేమోనని అనుమానించాలి. గుడ్లు అసలే లేకుంటే మరొక కుటుంబం నుండి గుడ్లు, లేత పిల్లలు ఉన్న ఫ్రేము ఒకటి తెచ్చి ఇవ్వాలి.

ఆ మరొక కుటుంబం ఎక్కడిది? పంపిణీ పథకాలు ఆలోచించవలసిన అంశం ఇదే. ఒకే పెట్టె గల రైతుకు పోల్చి చూసుకోవడానికి గాని, రాణి పోయినప్పుడు ఆదుకోవడానికి గాని మార్గం లేదు. పది మందికి ఒక్కొక్కటి ఇచ్చే కన్న అయిదుగురికి రెండేసి ఇవ్వడం మిన్న. అట్లే వానల నడుమ పెట్టెలు పంచడం కంటే, అరకు ప్రాంతంలో వలిసెల పూతకు, మెట్ట ప్రాంతాలలో పొద్దుతిరుగుడు, ధనియాల పూతకు కొద్ది వారాల ముందు అందజేస్తే పాకం ఖర్చు కూడా తగ్గుతుంది. ఎన్ని పెట్టెలు ఇచ్చారనే లెక్కతో పాటు మూడు మాసాల తరువాత ఎన్నింటిలో రాణి గుడ్లు పెడుతున్నదో కూడా పథకం నివేదికలో నమోదు చేయవలసి ఉన్నది.