సీరియల్ రచన పాఠంలో భగవంతి ఎక్కడ?

టెలివిజన్ రచన నేర్పే ఒక ఎం.ఏ. తరగతికి ఈమధ్య అతిథిగా వెళ్ళాను. బోర్డు మీద ‘సంఘర్షణ’ అని రాసి ఉంది. కింద ఉదాహరణ: అత్తా కోడళ్ళు. కూలి, ఆస్తి, కులం సంఘర్షణలు కావా అని అడిగితే, ‘వాటికి రేటింగ్ రాదు మేడమ్’ అన్నాడొక విద్యార్థి. డిగ్రీ చేతికి రాకముందే మార్కెట్ పాఠం వంటబట్టింది.

‘హమ్ లోగ్’ను గుర్తు చేసుకుందాం. 1984-85లో దూరదర్శన్‌లో 156 భాగాలుగా వచ్చింది. రచయిత మనోహర్ శ్యామ్ జోషి. మెక్సికోలో మిగెల్ సబీదో రూపొందించిన పద్ధతి దానికి ప్రేరణ. అన్నీ భరించే తల్లి భగవంతిని చూసి, ఇలా ఉండకూడదని స్త్రీలు అనుకోవాలన్నది ఉద్దేశం. కానీ చాలామంది ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారని తర్వాతి పరిశోధనల్లో తేలింది. త్యాగాన్ని పూజించే సమాజంలో, బాధపడే స్త్రీని చూపించినంత మాత్రాన అది విమర్శ అయిపోదు.

1989లో ‘ఉడాన్’ వచ్చింది. రాసింది, దర్శకత్వం వహించింది, నటించింది కవితా చౌదరి. ఐ.పి.ఎస్. అధికారి అయిన తన అక్క కాంచన్ జీవితమే ఆధారం. ఆ కథను నడిపింది అత్తాకోడళ్ళ పోరు కాదు, ఒక అమ్మాయి పట్టుదల. జనం చూశారు, నేటికీ తలచుకుంటున్నారు.

ఈ రెండూ పాఠ్యప్రణాళికలో పక్కపక్కనే ఉండాలి. రచయిత ఏం చెప్పదలచుకున్నారన్నదే కాదు, చూసిన స్త్రీ ఏం తీసుకుందన్నదీ పాఠం కావాలి. అందుకు విద్యార్థులు బస్తీల్లో, మహిళా సంఘాల్లో స్త్రీల పక్కన కూర్చుని సీరియల్ చూడాలి, వాళ్ళ మాట వినాలి. ఆ ఏర్పాటు మనం చేయగలం. పాఠ్యప్రణాళిక రాసే కమిటీల్లో చోటూ అడుగుదాం. సీరియల్ వచ్చాక నిరసన తెలపడం మనకు అలవాటే. అది పుట్టే తరగతి గది దాకా ఒకసారి వెళదాం.