కాపలా కాసేవాడికీ సొంత అడ్రస్ కావాలి

ఫలితాల రోజు సైట్ తెరుచుకోకపోతే మనం వెంటనే "సర్వర్ డౌన్" అనేస్తాం. పెద్ద సైట్లు అందుకే ఇంకో సర్వర్‌ను సిద్ధంగా ఉంచుకుంటాయి. మొదటిది పడిపోతే రెండోది అందుకుంటుంది. దీన్నే ఫెయిలోవర్ అంటారు. మరి పడిపోయిందని చెప్పేదెవరు? మానిటరింగ్ ఏజెంట్లు. కొన్ని సెకన్లకోసారి వచ్చి "ఉన్నావా?" అని అడిగిపోయే చిన్న ప్రోగ్రాములు.

చిక్కంతా ఇక్కడే. మా తొర్రూరులో నేను మొబైల్ డేటా ఆన్ చేస్తే, బయటికి కనిపించే ఐపీవీ4 అడ్రస్ నా ఒక్క ఫోన్‌దే కాదు. ప్రపంచం మొత్తానికి ఆ అడ్రసులు దాదాపు 430 కోట్లే. అందుకే ఒక్కోదాన్ని చాలామందికి కలిపి ఇస్తారు. అందులో ఎవరో తుంటరి పని చేస్తే ఫైర్‌వాల్ అందరికీ తలుపేసేస్తుంది. ఏజెంట్ కూడా అలాంటి అడ్రస్ మీదే వెళ్తే? జవాబు రాదు. బతికున్న సర్వర్ చచ్చిందని చెప్పేస్తుంది! జనమంతా పాత డేటా ఉన్న బ్యాకప్‌కు మళ్లితే, మీరు పొద్దున కట్టిన ఫీజు కట్టనట్టే కనిపించొచ్చు.

మందు సింపుల్. ఏజెంట్లకు మారని సొంత ఐపీలు ఇచ్చి, వీటిని రానివ్వమని ఫైర్‌వాల్‌కు ముందే చెప్పాలి. అమెజాన్ రూట్ 53 తన చెకర్ల ఐపీల జాబితాను అందరికీ కనిపించేలా పెడుతుంది. పైగా ఏ ఒక్క చెకర్ మాటనో పట్టుకుని సర్వర్ పోయిందని తేల్చదు.

రేపు మీరే ఒక యాప్ పెడితే, రెండో సర్వర్‌కు డబ్బు కట్టేముందు ఒక్కటి చూసుకోండి: మన ఏజెంట్‌ను మన ఫైర్‌వాల్ గుర్తుపడుతుందా?